గాలికి గడియ

పూర్వం ఊరివారందరికీ ఒక వార్తను తెలియజేయవలసి వస్తే డప్పు చాటింపు వేయించేవారు. ఫలానా ఇంటికి మాత్రమే వినిపించాలని చాటింపు వేసేవాడు ఎంత కోరుకున్నా అది సాధ్యం కాదు. డప్పు మోత చేరినంత మేర ఉన్న చెవులన్నీ దానిని వింటాయి. వైఫై అని వ్యవహరించే తీగలేని నెట్‌వర్క్ స్వభావమూ ఇటువంటిదే. తీగ గుండా ప్రయాణించే సమాచారానికి ఆ తీగే ప్రాకారం. దానిని తస్కరించదలచినవాడు భవనం లోపలికి వచ్చి తీగను చేరుకోవాలి. వైఫైలో సమాచారం రేడియో తరంగ రూపంలో నలుదిక్కులకూ వ్యాపిస్తుంది. కళాశాల ప్రహరీ గోడ గాని, గేటు వద్ద కావలివాడు గాని దానిని ఆపలేరు.

గొల్లభామ చీరల నేతకు పేరుగన్న సిద్దిపేట 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రమైంది. ఆ మరుసటి నెలలో పెద్దనోట్లు రద్దు కాగా, ఈ జిల్లాలోని ఇబ్రహీంపూర్ నగదు రహిత గ్రామంగా పత్రికలకెక్కింది. 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల, 2023లో ఐటీ టవర్ ఇక్కడ వెలిశాయి. ఇటువంటి పట్టణంలోని ఒక సాధారణ కళాశాలను తీసుకున్నా, విద్యార్థుల మార్కులు, ఆధార్ సంఖ్యలు, ఉపకార వేతనం జమ కావలసిన బ్యాంకు ఖాతాల వివరాలు కార్యాలయపు కంప్యూటర్లలోనే ఉంటాయి. విద్యార్థులు పాఠాలు చూసుకొనే వైఫై, ఈ వివరాలు భద్రపరచిన కంప్యూటర్లు ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడు ఆ నెట్‌వర్క్‌ను ఎలా అమర్చారన్నది చిన్న విషయం కాదు.

ఈ అమరికలో రెండు ముఖ్యమైన పరికరాలున్నాయి. గది పైకప్పుకు పళ్లెం వలె అతికి ఉండి, ఫోన్లతో, ల్యాప్‌టాప్‌లతో తరంగాల ద్వారా సంభాషించేది యాక్సెస్ పాయింట్. అటువంటి యాక్సెస్ పాయింట్లన్నింటినీ తీగలతో కలిపి, ఒకచోటి నుంచి నడిపించేది వైర్‌లెస్ స్విచ్. తొలినాళ్లలో ప్రతి యాక్సెస్ పాయింట్‌కూ దాని పేరు, పాస్‌వర్డ్, ఛానెల్ విడివిడిగా నిర్ణయించవలసి వచ్చేది. ఇరవై గదుల భవనంలో ఒక్క పాస్‌వర్డ్ మార్చాలన్నా నిచ్చెన పట్టుకొని ఇరవై గదులూ తిరిగినంత పని. 2000 దశకం ఆరంభంలో వచ్చిన వైర్‌లెస్ స్విచ్ ఈ శ్రమను తొలగించింది. నిర్ణయాలన్నీ స్విచ్‌లో ఉంటాయి. యాక్సెస్ పాయింట్లు వాటిని అమలు చేస్తాయి. పలు స్విచ్‌లు సమాచారంతోపాటు విద్యుత్తును కూడా అదే తీగలో పంపగలవు. ఆ తీగ నిడివి మాత్రం 100 మీటర్లు మించరాదు.

మనదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగ శ్రేణిని లైసెన్సు లేకుండా వాడుకొనే అనుమతి 2005 జనవరిలో లభించింది. అందువల్లనే నేడు ప్రతి ఇల్లూ, ప్రతి దుకాణమూ దానిని వాడుకోగలుగుతున్నాయి. అందువల్లనే అది కిక్కిరిసి ఉన్నది. ఈ శ్రేణిలో ఒకదానితో ఒకటి కలగాపులగం కాని ఛానెళ్లుగా సాధారణంగా 1, 6, 11లను ఎంచుకుంటారు. కోమటిచెరువు గట్టున బతుకమ్మ ఆడే వేళ పక్కపక్కనే రెండు గుంపులు వేర్వేరు పాటలు అందుకుంటే ఏ పాటా స్పష్టంగా వినిపించదు. గుంపులు ఎడంగా నిలిస్తే ఎవరి పాట వారికి దక్కుతుంది. పక్కపక్క గదుల్లోని యాక్సెస్ పాయింట్లకు వేర్వేరు ఛానెళ్లు కేటాయించడంలోని అంతరార్థమిదే. తరంగ శక్తిని వీలైనంత పెంచితే మేలన్న భ్రమ కూడా చాలామందికి ఉంటుంది. అధిక శక్తి పొరుగు గదులకు ఆటంకమవుతుంది. పైగా సంకేతాన్ని రోడ్డు దాకా మోసుకుపోతుంది. అవసరమైనంత మేరకే శక్తి ఉంచడం సౌకర్యానికీ, భద్రతకూ కూడా మంచిది.

భద్రత విషయంలో మొట్టమొదట చేయవలసిన పని అతి సులభమైనది. అయినా తరచు విస్మరింపబడేదీ అదే. కర్మాగారం నుంచి వచ్చిన పరికరానికి అందరికీ తెలిసిన పాస్‌వర్డ్ ఒకటి ఉంటుంది. దానిని వెంటనే మార్చాలి. 2016లో ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రాము అరవైకి పైగా ఇటువంటి తొలి పాస్‌వర్డ్‌లను వరుసగా ప్రయోగించి, ప్రపంచమంతటా లక్షలాది కెమెరాలను, రూటర్లను వశపరచుకొంది. తాళం పగలగొట్టవలసిన అవసరమే దానికి కలుగలేదు. తాళంచెవి గుమ్మానికే వేలాడుతూ ఉన్నది.

ఇక గాలిలో సాగే సంభాషణను కాపాడటమెట్లు? పశువుల అంగడిలో వందలాది జనం నడుమ బేరగాళ్లు తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర తెలుపుకుంటారు. చుట్టూ ఉన్నవారికి బేరం జరుగుతున్నట్లు తెలుస్తుంది గాని ధర ఎంతో తెలియదు. ఎన్‌క్రిప్షన్ అనే గుప్తలేఖన ప్రక్రియ వైఫైకి ఈ తువ్వాలు వంటిది. తరంగాలను ఎవరైనా పట్టుకోవచ్చు. రహస్య సంఖ్య తెలియనివారికి అవి అర్థం కావు.

ఐతే తువ్వాలు పలుచనైతే ప్రయోజనం లేదు. 1997లో వైఫై ప్రమాణంతోపాటు వచ్చిన తొలి రక్షణ విధానం ‘వెప్’ అటువంటిదే. ఇందులో ప్రతి సమాచార ఖండాన్నీ గుప్తపరచేందుకు రహస్య సంఖ్యకు 24 బిట్ల మరొక సంఖ్యను జోడిస్తారు. ఆ సంఖ్యలు మొత్తం 1,67,77,216 మాత్రమే. లెక్కకు ఎక్కువగా తోచినా, రద్దీగల నెట్‌వర్క్‌లో కొన్ని గంటల్లోనే అవి అయిపోయి, పాతవే మళ్లీ రావలసి వస్తుంది. ఒకే ముసుగు పదేపదే వేసుకొనేవాడిని గుర్తుపట్టడం ఎంతసేపు? ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే శాస్త్రజ్ఞులు 2001లో ఈ విధానంలోని మౌలికమైన లోపాన్ని బయటపెట్టారు. 2007 నాటికి జర్మనీ పరిశోధకులు ఒక్క నిమిషంలోపే దానిని ఛేదించి చూపారు. దాని స్థానంలో 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి. కొత్త పరికరాలకు చివరిది ఉత్తమం. పాత ఫోన్లు ఉన్నచోట డబ్ల్యూపీఏ2కు తగ్గరాదు. 2017లో డబ్ల్యూపీఏ2లోనూ ఒక బలహీనత బయటపడింది. తయారీదారులు పంపిన సవరణలను వేసుకున్నవారు దాని నుంచి గట్టెక్కారు. పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించాలని చెప్పడం అందుకే.

గడియ వేయని వైఫై ఎంతటి అనర్థానికి దారితీస్తుందో 2008లో దేశానికి తెలిసివచ్చింది. ఆ ఏడాది జూలై 26న అహ్మదాబాద్ వరుస పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు ఒక బెదిరింపు ఈమెయిల్ అందింది. దాని జాడ నవీ ముంబయిలోని ఒక నివాస గృహపు వైఫై వద్ద తేలింది. పంపినవారు వేరు, విచారణను ఎదుర్కొన్నది ఆ ఇంటివారు. ఆగస్టులో మరొక ఈమెయిల్ ముంబయిలోని ఒక కళాశాల వైఫై నుంచి వెళ్లింది. 2009 ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ వైఫై సేవల భద్రతపై ఇంటర్నెట్ సంస్థలకు ఆదేశాలు జారీచేసింది.

కళాశాలలకు ఈ ఉదంతం ప్రత్యేకంగా వర్తిస్తుంది. సాధారణంగా కళాశాల అంతటికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటుంది. అది ఒక విద్యార్థి నుంచి మరొకరికి, అక్కడి నుంచి ఎదుటి జిరాక్సు దుకాణానికి చేరడానికి వారం పట్టదు. చదువు ముగించి వెళ్లినవారికీ అది తెలుసు. ఏదైనా నేరం జరిగితే కళాశాల పేరు బయటికి వస్తుంది తప్ప, చేసినవారెవరో తేలదు. నిర్దోషులైన వేయిమంది విద్యార్థులు అనుమానపు నీడలో నిలబడవలసి వస్తుంది. దీనికి పరిష్కారం ప్రతి విద్యార్థికీ, ప్రతి అధ్యాపకుడికీ వేరువేరు పేరు, పాస్‌వర్డ్ ఇవ్వడం. వైర్‌లెస్ స్విచ్ వాటిని ఒక సర్వరుతో సరిచూసుకున్న తరువాతనే లోపలికి అనుమతిస్తుంది. ఒకరు కళాశాల విడిచివెళితే వారి పేరు ఒక్కటి తొలగిస్తే చాలు. మిగిలినవారికి ఇబ్బంది ఉండదు. ఖర్చు, శ్రమ కొంత ఎక్కువే అయినా ఇందులో పొదుపు చూడటం తగదు.

అదేవిధంగా ఒకే స్విచ్‌పై వీల్యాన్‌లు అనే అదృశ్యపు అడ్డుగోడలు కట్టి, విద్యార్థులను, కార్యాలయాన్ని, అతిథులను వేరుచేయవచ్చు. అతిథికి వసారాలో కుర్చీ వేస్తాం గాని బీరువా ఉన్న గదిలో కాదు గదా! స్విచ్‌ను సరిదిద్దే పుటను కార్యాలయపు భాగం నుంచి మాత్రమే తెరవగలిగేలా చూడాలి.

కొందరు నెట్‌వర్క్ పేరును కనబడకుండా దాచి నిశ్చింతగా ఉంటారు. మరికొందరు అనుమతించిన పరికరాల సంఖ్యల జాబితాతో సరిపెట్టుకుంటారు. సాధారణ సాధనాలతోనే దాచిన పేరు బయటపడుతుంది. పరికరపు సంఖ్యనూ అనుకరించవచ్చు. ఇవి ఎన్‌క్రిప్షన్‌కు ప్రత్యామ్నాయం కావు. సాంకేతిక కుతూహలంతో పొరుగువారి వైఫైని ఛేదించి చూసే యువకులు కూడా ఒక సంగతి తెలుసుకోవాలి. అనుమతి లేకుండా, దురుద్దేశంతో నెట్‌వర్క్‌లో ప్రవేశించడం సమాచార సాంకేతిక చట్టం 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలుశిక్షకు గాని, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానాకు గాని, రెండింటికీ గాని గురిచేసే నేరం.

స్విచ్ తన దినచర్యను నమోదు చేస్తూ ఉంటుంది. ఎవరు, ఏ గది నుంచి, ఎన్ని గంటలకు ప్రవేశించారో ఆ పట్టీలో ఉంటుంది. స్విచ్‌లోని గడియారం తప్పుగా ఉంటే ఆ పట్టీ నిష్ప్రయోజనం; కనుక సమయాన్ని ఇంటర్నెట్ కాలమానంతో జతపరచాలి. అమరిక అంతటి ప్రతిని వేరొకచోట భద్రపరిస్తే, పిడుగుపాటుకో విద్యుత్ హెచ్చుతగ్గులకో స్విచ్ చెడిపోయినా కొత్తదానిలోకి గంటలో ఎక్కించవచ్చు. స్విచ్ పాస్‌వర్డ్ ఒక్క సాంకేతికుడి జ్ఞాపకంలోనే ఉండిపోకుండా, కాగితంపై రాసి, లక్క ముద్రవేసిన కవరులో ప్రిన్సిపాల్ బీరువాలో ఉంచాలి. ఆ సాంకేతికుడు ఉద్యోగం మారిన రోజున కవరు తెరచి, పాస్‌వర్డ్ మార్చి, కొత్త కవరుకు ముద్ర వేయాలి.