వృత్తియు, వర్తనమును

"మొక్కై వంగనిది మానై వంగునా?" అని తెలుగునాట పెద్దలు అనుచుందురు. బాల్యమున అలవడిన గుణము ముదిరిన పిదప మారదని దీని భావము. పిల్లలను చిన్ననాటనే తీర్చిదిద్దవలెనని హెచ్చరించుటకు ఈ సామెత మిక్కిలి తగినది. కాని బాల్యమున దారి తప్పినవాడు జీవితాంతము అట్లే యుండునా? వానిని మంచి మార్గమునకు మరలించు ఉపాయమేదియు లేదా? అమెరికా దేశమున జరిగిన ఒక దీర్ఘ పరిశోధన ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది.

హార్వర్డు విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాలలో షెల్డన్ గ్లూక్, ఎలినార్ గ్లూక్ అను దంపతులు పరిశోధకులుగా నుండిరి. వారు బోస్టన్ నగర ప్రాంతమున నేరములు చేసి బాలనేరస్థుల శిక్షణశాలలకు పంపబడిన 500 మంది బాలురను ఎన్నుకొనిరి. అట్టి పేదవాడలలోనే పెరిగియు నేరముల జోలికి పోని మరి 500 మందిని వారికి సాటిగా నిలిపిరి. వయస్సునందును, బుద్ధిబలమునందును, వంశమునందును జంటలోని ఇరువురును సమానులుగా నుండునట్లు జాగ్రత్త వహించిరి. ఈ బాలురు 1924 - 1932 సంవత్సరముల నడుమ జన్మించినవారు. సుమారు 14వ యేట మొదటిసారియు, 25వ యేట రెండవసారియు, 32వ యేట మూడవసారియు వారి స్థితిగతులను విచారించిరి. తొలి ఫలితములు 1950లో గ్రంథరూపమున వెలువడెను.

1972లో ఎలినార్, 1980లో షెల్డన్ కాలధర్మము నొందిరి. వారు సేకరించిన పత్రములు పెట్టెలలో నిండి, గ్రంథాలయపు నేలమాళిగలో మరుగునపడి యుండెను. 1980వ దశకమున జాన్ లాబ్ అను విద్వాంసుడు వానిని కనుగొనెను. ఆయనయు, రాబర్ట్ సాంప్సన్ అను సహచరుడును ఆ పత్రములను వెలికి తీసి, కంప్యూటరు సాయమున మరల పరిశీలించి, 1993లో ఒక గ్రంథమును ప్రకటించిరి. అంతటితో తనివి నొందక, నాటి బాలనేరస్థులు డెబ్బది యేండ్ల వృద్ధులైన తరువాత వారిలో 52 మందిని వెదకి పట్టుకొని, వారి జీవితకథలను స్వయముగా వినిరి.

వారికి తెలిసిన దేమి? బాల్యమున ఒకే తీరుగ దుడుకుతనము చూపినవారిలో కొందరు పెద్దవారై నేరములు మానిరి; కొందరు మానకపోయిరి. మానినవారి జీవితములలో ముఖ్యముగ మూడు మలుపులు కానవచ్చెను. అవి స్థిరమైన ఉద్యోగము, అనుకూలమైన దాంపత్యము, సైన్యమున కొలువు. వీనిలో ఉద్యోగము ప్రభావమును చూపు తీరు గమనింపదగినది. పనివానికి దినమునకొక క్రమ మేర్పడును. పొద్దు గడపుటకు వీధుల వెంట తిరుగవలసిన పని తప్పును. పాత చెలికాండ్రు దూరమగుదురు. పై అధికారి కన్ను తనపై నుండును. అన్నిటికంటె ముఖ్యముగ, పోగొట్టుకొనరాని వస్తువొకటి చేతికి వచ్చును. ఏమియు లేనివాడు దేనికిని వెరవడు. గౌరవమును, జీతమును గలవాడు వానిని కాపాడుకొన జూచును. అయితే జీతపు రాళ్లు మాత్రమే చాలవు. పనియందు నిలకడయు, శ్రద్ధయు, యజమానికిని పనివానికిని నడుమ పరస్పర విశ్వాసమును ఉన్నప్పుడే మార్పు కలిగెనని ఆ పరిశోధకులు తెలిపిరి.

ఇట నొక సందేహము కలుగవచ్చును. పని దొరకుటచేత వారు మారిరా, మారిన వారగుటచేత పని దొరకెనా? అమెరికాలోనే 1970వ దశకమున జరిగిన ఒక ప్రయోగము ఈ చిక్కును కొంత విడదీసినది. ఉద్యోగములేని పూర్వనేరస్థులు మొదలగువారిలో చీట్లు వేసినట్లు కొందరిని ఏర్పరచి, వారికి పని కల్పించిరి, తక్కినవారికి కల్పింపలేదు. క్రిస్టొఫర్ అగెన్ అను పండితుడు ఆ వివరములను మరల పరిశీలించి 2000లో ప్రకటించెను. 27 ఏండ్లును, అంతకు పైబడినవారును పని దొరకిన పిదప నేరములకు దూరమైరి. పిన్నవయస్కులలో మాత్రము అంతటి ఫలితము కానరాలేదు. అనగా పనికి నిజముగ మార్చు శక్తి కలదు. కాని దానిని అందుకొను మనస్సును పరిపక్వము కావలెను.

మనస్సు మారినను తలుపు తెరచువారు లేకున్న నేమి ప్రయోజనము? మిల్వాకీ నగరమున డెవా పేజర్ అను పరిశోధకురాలు చేసిన పరీక్ష 2003లో ప్రకటితమయ్యెను. సమాన యోగ్యతలు గల యువకులు ఉద్యోగములకై దరఖాస్తు చేసిరి. శిక్ష పొందితినని చెప్పని శ్వేతజాతీయులకు నూటికి 34 చోట్ల పిలుపు రాగా, చెప్పినవారికి 17 చోట్ల మాత్రమే వచ్చెను. నల్లజాతివారికి శిక్ష లేకున్నను 14, ఉన్నచో 5 మాత్రమే. పూర్వము తప్పు చేసెనని పని నిరాకరించుట, పని లేక అతడు మరల తప్పు చేయుట, అందుచే మరల పని దొరకకుండుట - ఇది గానుగెద్దు తిరుగుడు వంటిది.

భారతదేశమున 2015లో చేయబడిన బాలల న్యాయ చట్టము ఈ తిరుగుడును ఆపుటకు ఒక మార్గము చూపినది. బాల్యమున చేసిన నేరము సాధారణముగ ఆ బాలుని భావిజీవితమునకు అనర్హత కారాదనియు, నిర్ణీత కాలము గడచిన పిదప ఆ నేరపు దాఖలాలను నాశనము చేయవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. పదునారేండ్లు దాటి, ఘోరనేరము చేసి, పిల్లల న్యాయస్థానముచే దోషిగ నిర్ణయింపబడినవారికి మాత్రము ఈ రక్షణ లేదు.

చట్టము కాగితమును నశింపజేయగలదు గాని, ఇరుగుపొరుగువారి జ్ఞాపకమును చెరపజాలదు. ఆ పని మనుష్యులే చేయవలెను. దారి తప్పి మరలివచ్చిన యువకునికి ఒక దుకాణదారుడు త్రాసు నప్పగించినను, ఒక వడ్రంగి ఉలి నందిచ్చినను, తోడివారు అతనిని పాత పేరుతో వెక్కిరింపక యున్నను, అది చిన్న మేలు కాదు. మొక్కై వంగనిది మానై వంగుట కష్టమే. కాని బోస్టన్ వృద్ధుల జీవితములు అది అసాధ్యము కాదని సాక్ష్యమిచ్చుచున్నవి.