కోడి కాలు ఎందుకు పడిపోయింది?

మహేశ్వరం మండలంలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక కోడలు పొదుపు సంఘంలో అప్పు తీసుకున్నది. 20 కోడిపిల్లల్ని కొన్నది. మూడు నెలలు బాగానే పెరిగాయి. ఒకనాడు ఒక పెట్ట లేవలేకపోయింది. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాచి పడిపోయింది. వారంలో ఇంకో మూడు అట్లాగే పడ్డాయి.

"దిష్టి తగిలిందే" అన్నది అత్త.

"కొక్కెర తెగులేమో అత్తా" అన్నది కోడలు. చచ్చిన కోడిని పశువుల దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరు కోడిని కోసి చూశాడు. కార్జం ఉబ్బి ఉంది. దాని మీద తెల్లటి గడ్డలున్నాయి. ఒక తొడలో నరం లావెక్కింది.

"కొక్కెర అయితే కొద్ది రోజుల్లోనే చాలా కోళ్ళు పోతాయమ్మా. ఇది మారెక్స్ జబ్బు లాగుంది" అన్నాడు.

1907లో హంగరీ దేశపు పశువైద్యుడు మారెక్ ఈ జబ్బు గురించి రాశాడు. అందుకే ఆ పేరు. ఇది వైరస్ వల్ల వస్తుంది. ఆ వైరస్ ఈకల మొదళ్ళలో పెరుగుతుంది. పొట్టులో, దుమ్ములో కలిసి గాలితో పాటు పిల్లల లోపలికి పోతుంది. గుడ్డు ద్వారా రాదు. మనుషులకు అంటదు.

మరి గడ్డలు ఎందుకు వస్తాయి?

కోడి ఒళ్ళంతా కంటికి కనపడని కణాలే. ఏ పని ఆపాలో కణానికి చెప్పే చిన్న చీటీలు ఉంటాయి. వాటిని మైక్రో ఆర్.ఎన్.ఏ. అంటారు. ఒక్కో చీటీలో సుమారు 22 అక్షరాలే! వైరస్ కణంలో దూరి తన చీటీలు తాను రాస్తుంది. అందులో ఒకదాని మొదటి అక్షరాలు కోడి సొంత చీటీలో ఉన్నట్టే ఉంటాయి. అది దొంగ సంతకం లాంటిది. కణం నమ్మి మోసపోతుంది. పెరుగుదలను అదుపు చేసే పనులు కొన్ని ఆగిపోతాయి. కణాలు అడ్డూ అదుపూ లేక పెరిగి గడ్డ కడతాయి. వైరస్ దగ్గర ఇంకా వేరే పనిముట్లు కూడా ఉన్నాయి. కాని ఈ చీటీ చాలా ముఖ్యమైనది.

2011లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు ఆ చీటీలో రెండే అక్షరాలు మార్చి చూశారు. గడ్డలు రాలేదు! 'పాలు'లో ఒక్క అక్షరం మారితే 'పాము' అవుతుంది కదా.

"మందేమన్న ఉందా సారూ?" అని కోడలు అడిగింది.

"వచ్చినంక మందు లేదమ్మా. పిల్ల పుట్టిన రోజే మెడ తోలు కింద టీకా వేయాలి. నువ్వు కొన్న పిల్లలకు వేసినట్టు లేదు."

ఆ టీకా 1970 ప్రాంతంలో వచ్చింది. టర్కీ కోళ్ళలో ఉండే వైరస్‌తో దాన్ని చేశారు. టీకా గడ్డల్ని ఆపుతుంది. వైరస్ అంటకుండా మాత్రం ఆపలేదు. టీకా వేసిన కోడి కూడా వైరస్‌ను దుమ్ములో వదులుతుంది. అందుకే పాత కోళ్ళలో కొత్త పిల్లల్ని కలపకూడదు. కొత్త పిల్లలు రాకముందే గూడులోని ఈకలు, పొట్టు ఊడ్చి కాల్చాలి. గూడు కడిగి, సున్నం వేసి, ఆరనివ్వాలి.

ఇంటికి వచ్చి కోడలు అంతా చెప్పింది.

"టీకా వేసిన్రో లేదో మనకెట్ల తెలుస్తదే?" అన్నది అత్త.

"చీటీ రాసియ్యమంట. చదివినంకనే పైసలిస్త" అన్నది కోడలు. చీపురు తీసుకుని గూడు వైపు నడిచింది.