సేవకు మార్కులు వేసినవాడి మాటలు

ఆంధ్రలో ఒక డిగ్రీ కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసరుగా చాలాకాలం పనిచేశాను. రిటైరయ్యాక అమెరికాలో, మేరీలాండ్‌లో అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళు కొందరు తలా కొంత వేసుకుని, సేవ చేసే పిల్లలకు ఏటా కాలేజీ స్కాలర్‌షిప్ ఇస్తారు. మాస్టారు ఖాళీగానే ఉన్నారు కదా అని దరఖాస్తులు చూసే కమిటీలో నన్నూ కూర్చోబెట్టారు. కొత్తగా ఈ పనికి వచ్చేవాళ్ళ కోసం నాలుగు మాటలు.

1. గంటల కాగితం ఆఖర్న చూడండి.
మేరీలాండ్‌లో హైస్కూలు గట్టెక్కాలంటే 75 గంటల సేవ చూపించాలి. 1992లో పెట్టిన నిబంధన అది. కాబట్టి అన్ని గంటలు ప్రతివాడికీ ఉంటాయి. 2003లో మొదలైన ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డు పదహారు నుంచి పాతికేళ్ళలోపు వాళ్ళకు ఏడాదిలో 100 గంటలకు కంచు, 250కి బంగారం అని లెక్క కట్టింది. సరిగ్గా 252 దగ్గర సేవాభావం ఆగిపోయిన కాగితాలు నా చేతిలో పడుతూనే ఉంటాయి. మన దగ్గర మాత్రం తక్కువా? ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళకు 240, పైన ఏడురోజుల క్యాంపు. సర్టిఫికెట్ల వేళకి వర్క్ డైరీలు కట్టలుగా వచ్చేవి. ఆర్నెల్ల తేదీలన్నీ ఒకే సిరాతో, ఒకే వాలుతో. ఒకడైతే ఉగాది పండగనాడు కూడా కాలేజీ మొక్కలకు నీళ్ళు పోశాడు!

2. ఫొటోలు అడగొద్దు.
అడిగితే ఫొటోల కోసమే పని జరుగుతుంది. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

3. 'ఎందుకు చేశావు' అనొద్దు, 'తర్వాత ఏమైంది' అనండి.
మొదటిదానికి జవాబు ఇంట్లో అమ్మానాన్నలు నేర్పి పంపుతారు. రెండోది పని చేసినవాడికే తెలుస్తుంది. మా దత్తత గ్రామంలో క్యాంపు పిల్లలు బోరింగుల పక్కన ఇంకుడు గుంతలు తవ్వారు. ముగింపు సభ, దండలు, భోజనాలు అన్నీ అయ్యాయి. వానలు పడ్డాక ఒక కుర్రాడు తనంతట తానే బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాడు. "మాస్టారూ, రెండు గుంతలు ఒండ్రుతో పూడిపోయాయి. పైన ఇసక సరిగ్గా వెయ్యలేదండీ" అన్నాడు. క్యాంపులో వాడికి బెస్ట్ వాలంటీర్ షీల్డు రాలేదు. 2016లో హార్వర్డ్ విద్యావిభాగంవాళ్ళు కాలేజీ ప్రవేశాల మీద ఇచ్చిన నివేదికలోనూ దాదాపు ఇదే ఉంది: పది చోట్ల తలా కాస్త చేసినవాడికన్నా ఒకేచోట ఏడాదిపాటు నిలబడ్డవాడిని చూడమని.

4. ఇంటిపనిని కొట్టిపారేయొద్దు.
ఒక అమ్మాయి ఫారంలో లైబ్రరీలో చేసిన కొద్ది గంటలే రాసింది. పక్కన పెట్టేయబోతుంటే, "శనివారాలు ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగాను. "నానమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్తానండీ. అది సర్వీస్ కాదు కదా" అంది. కదిపితే తెలిసింది, ఆ సెంటర్‌లో ఇంగ్లీషు రాని ఇంకో ఇద్దరు మన పెద్దవాళ్ళకూ నర్సు మాట విడమరిచి చెప్పేది ఈ పిల్లేనట. పొటాషియం పెరిగితే అరటిపండూ కొబ్బరినీళ్ళూ ఎందుకు మానాలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చింది. సగం దీర్ఘాలు ఎగిరిపోయిన తెలుగు. అయినా వాళ్ళలో ఒక పెద్దావిడ ఆ కాగితం ఫ్రిజ్‌కి అంటించుకుంది. ఇక్కడి కాలేజీలకు పెట్టుకునే కామన్ అప్లికేషన్‌లో కుటుంబ బాధ్యతలు రాయడానికీ చోటుంది. మా కమిటీ ఫారంలోనే ఉండేది కాదు. ఆ ఏడే గొడవపడి పెట్టించాను.

5. డబ్బు ముందివ్వండి.
నా అసలు పేచీ ఇక్కడే. ఊరికే చాకిరీ చెయ్యాలంటే తీరిక కావాలి. సాయంత్రం పెట్రోలుబంకులో గల్లాపెట్టె దగ్గర నిలబడే పిల్లాడికి ఆ తీరిక ఎక్కడిది? చేసినవాళ్ళకే బహుమతి అంటే, ఉన్నవాళ్ళ పిల్లలకే మళ్ళీ వడ్డించినట్టు. బానర్ దంపతుల ఫౌండేషన్ 1990లో కెంటకీలోని బెరియా కాలేజీలో మొదలుపెట్టిన పద్ధతి నాకు నచ్చుతుంది. కలిగినవాళ్ళు కాని పిల్లలను చేరేటప్పుడే ఎంచుకుంటారు. నాలుగేళ్ళూ డబ్బు సాయం చేస్తారు, ఆ పిల్లలు వారానికి ఎనిమిది పది గంటలు చుట్టుపక్కల ఊళ్ళలో పనిచేస్తారు. ఇక్కడి ప్రభుత్వ సేవా పథకం అమెరికార్ప్స్‌ది ఇంకో దారి. 1,700 గంటలు పూర్తిచేస్తే పేద విద్యార్థులకు ప్రభుత్వమిచ్చే పెల్ గ్రాంట్ గరిష్ఠ మొత్తమంత చదువుకి ఇస్తారు, పనిచేసినన్నాళ్ళూ పొట్ట గడవడానికి భత్యం కూడా ఉంటుంది. 'డబ్బు తీసుకుంటే అది నిస్వార్థం ఎలా అవుతుంది మాస్టారూ' అని మా కమిటీలో ఒకాయన ప్రతిసారీ అంటాడు. పస్తుండి చేస్తేనే సేవ అనడానికి మనమెవరం?

6. చెక్కు ఇచ్చే ముందు ఒక ఫోన్ చెయ్యండి.
బయటి స్కాలర్‌షిప్ వచ్చిందని తెలియగానే కొన్ని కాలేజీలు తామిచ్చే సాయంలో అంత మేరకు కోత పెడతాయి. అప్పుడు మన డబ్బు చేరేది పిల్లకి కాదు, కాలేజీకి. ప్రభుత్వ కాలేజీల్లో ఇలా ఇష్టమొచ్చినట్టు కొయ్యకుండా 2017లో అన్ని రాష్ట్రాలకన్నా ముందు చట్టం చేసింది మేరీలాండే. ప్రైవేటు కాలేజీ అయితే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుని అడగండి, కోత పడేట్టుంటే అప్పులోనో క్యాంపస్ ఉద్యోగంలోనో తగ్గించమని పిల్లచేత ఉత్తరం రాయించండి. ఇదంతా ఫీజు గడువుకి ముందే తేలాలి. సన్మానసభ కోసం దీపావళిదాకా చెక్కు దాచిపెట్టుకునే అలవాటు మాత్రం దయచేసి మానెయ్యండి.