కానా విందులో ద్రాక్షారసము

వివాహవిందునకు ద్రాక్షారసము ఎంచువారు రుచితోపాటు పరిమాణమును చూడవలెను. కానాలో (యోహాను 2:1-11) తప్పినది ఆ లెక్కయే. సమ్సోను విందు ఏడు దినములు సాగెను (న్యాయా. 14:12), అట్టి విందులో రసము అయిపోవుట పెండ్లివారికి తలవంపు. ముందు మంచిది, అతిథులు బాగుగా త్రాగిన పిమ్మట నాసిది పోయుట విందుప్రధాని ఎరిగిన వాడుక. అది పొదుపే గాని మర్యాద కాదు.

అచ్చటి ఆరు రాతిబానలలో ఒక్కొక్కటి రెండు మూడు మెట్రేటిసులు పట్టును. మెట్రేటిసు సుమారు 39 లీటర్లు. అనగా మొత్తము దాదాపు 470 మొదలు 700 లీటర్లు! మన తెలుగు బైబిలులోని ‘తూము’ ధాన్యపు కొలత గనుక ఈ విస్తారము చదువరికి తట్టదు.

ప్రధాని మెచ్చుకొన్నది పెండ్లికుమారుని. ఆ రసము ఎక్కడనుండి వచ్చెనో నీళ్లు తోడిన పరిచారకులకు తెలియును.