అప్పు నిజమే, కోర్టు తీసుకునే సాక్ష్యం ఏది?

చేబదులుగా మూడు లక్షలు ఇచ్చారనుకుందాం. తీసుకున్నాయన ఇప్పుడు "నాకెప్పుడిచ్చావు?" అంటున్నాడు. వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ సంచీలో ప్రామిసరీ నోటు, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, ఒక ఫోన్ రికార్డింగు ఉంటాయి. "ఆయన ఇంకో నలుగురిని కూడా ముంచాడు" అని చెప్పడానికి ఇద్దరు బంధువులు వెంట వస్తారు. వీటిలో కొన్నింటిని జడ్జి చూడనే చూడరు. అబద్ధమని కాదు, చట్టం ఒప్పుకోదు కాబట్టి.

1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం అమల్లో ఉంది. వివాదంలో ఉన్న విషయం మీద, దానికి సంబంధం ఉన్నవని చట్టం గుర్తించిన విషయాల మీద మాత్రమే సాక్ష్యం ఇవ్వాలని దాని 3వ సెక్షన్ చెబుతుంది. మీ కేసులో వివాదం ఒక్కటే: ఆయన ఈ డబ్బు తీసుకున్నాడా, తిరిగి ఇవ్వాలా? ఆయన ఎలాంటి మనిషన్నది సివిల్ కేసుల్లో సాధారణంగా లెక్కలోకి రాదు (సెక్షన్ 46). బంధువులిద్దరినీ బస్సు ఛార్జీలు పెట్టి తీసుకురానక్కర్లేదు. "డబ్బు ఇచ్చినట్టు మా బావ చెప్పాడు" అన్నా చెల్లదు. చూసింది బావ అయితే బోనెక్కాల్సింది ఆయనే. సాక్షులు ఇంతమంది ఉండాలన్న నియమమేమీ లేదు, నమ్మదగిన ఒక్కరు చాలు.

సంబంధం ఉన్న కాగితమే అయినా, దాని రూపం సరిగా లేకపోతే ఆగిపోతుంది. ప్రామిసరీ నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించకపోతే ఏమవుతుందో చాలామందికి తెలియదు. స్టాంపు చాలని అగ్రిమెంటునైతే సుంకం, జరిమానా కట్టి సాక్ష్యంలోకి తెచ్చుకోవచ్చు. ప్రామిసరీ నోటుకు మాత్రం స్టాంపు చట్టం 35వ సెక్షన్ ఆ వెసులుబాటు కూడా ఇవ్వలేదు. రూపాయి స్టాంపు దగ్గర లక్షలు చిక్కుకోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది, కానీ చట్టం అంతే. డబ్బు బ్యాంకు ద్వారా పంపి ఉంటే అప్పును నోటుతో నిమిత్తం లేకుండా నిరూపించే వీలుంటుందేమో వకీలును అడగండి.

ఇక ఫోను. వాట్సాప్ సందేశాలను ప్రింటు తీసి ఇస్తే సరిపోదు. సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం దానితో సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు పూర్తిచేయాలి. ఆ ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ కూడా రాయాలి. అసలు ఫోన్నే కోర్టుకు తెచ్చి, దాని యజమాని బోనెక్కి చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని పాత చట్టం కింద 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే గొడవ మొదలయ్యాక ఆ ఫోను అమ్మేయకండి, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి, రీసెట్ చేయకండి.

"చెప్పకుండా రికార్డు చేశాను, చెల్లుతుందా?" అని తరచూ అడుగుతారు. గొంతు ఎవరిదో గుర్తించగలిగితే, మాటలకు కేసుతో సంబంధం ఉంటే, టేపులో మార్పులు జరగలేదని తేలితే తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1972లోనే అంది. భార్యాభర్తల విషయంలో మాత్రం హైకోర్టులు తలోదారి పట్టాయి. భార్య ఫోను మాటలను భర్త రహస్యంగా రికార్డు చేస్తే అది సాక్ష్యం కాదని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. 2025 జూలైలో సుప్రీంకోర్టు మరో రాష్ట్రం నుంచి వచ్చిన విడాకుల కేసులో అలాంటి రికార్డింగులను అనుమతించింది. ఈ తీర్పు చూసుకుని ఇంట్లో ఒకరిమీద ఒకరు నిఘా పెట్టుకోవడం మాత్రం నాకు నచ్చదు.

అవతలి పక్షంలో ఉన్నవారికీ ఒక మాట. వాది కాగితాలకు ఎగ్జిబిట్ ఏ-1, ఏ-2 అని మార్కు వేసేటప్పుడే మీ అభ్యంతరం చెప్పించాలి. అసలు ఉండగా జిరాక్స్ ఎందుకు తెచ్చారన్నది అప్పుడే అడగాలి, అప్పీల్లో అడిగితే సాధారణంగా వినరు. స్టాంపు లోపం సంగతీ అంతే: ఒకసారి కాగితం సాక్ష్యంలోకి వచ్చేశాక ఆ కారణంతో దాన్ని ప్రశ్నించే వీలు స్టాంపు చట్టం 36వ సెక్షన్ ఇవ్వదు. అయితే మార్కు పడినంత మాత్రాన అందులో ఉన్నది రుజువైనట్టు కాదు. సంతకం తనది కాదని ప్రతివాది అంటే, ఆయనదేనని చూపాల్సిన బాధ్యత నోటు తెచ్చిన వాదిదే.