వ్యర్థాల గోడౌన్ కాలితే మన బోరు నీళ్లు ఏమవుతాయి? పరీక్ష చేయించే పద్ధతి

వీడియో చూసే ముందు ఈ పాఠం ఒకసారి చదవండి.

ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా మనం చాలామందిమి బోరు మీదే బతుకుతున్నాం. జీవామృతానికి కలిపే 200 లీటర్ల నీళ్లూ ఆ బోరువే. పాల్వంచ, సారపాక, అశ్వాపురం వైపు పరిశ్రమలూ మన పొలాల పక్కనే ఉన్నాయి. అందుకే ప్రమాదం జరగకముందే ఈ విషయం తెలుసుకోవాలి.

మంట ఆరితే ప్రమాదం పోయినట్టు కాదు

పొగ కంటికి కనపడుతుంది. కానీ మంట ఆర్పడానికి కొట్టిన నీళ్లే రసాయనాల్ని భూమిలోకి తీసుకెళ్తాయి. 1986 నవంబర్ 1న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గర పురుగుమందుల గోడౌన్ కాలింది. ఆర్పిన నీళ్లు రైన్ నదిలో కలిసి నది ఎర్రబడింది, చేపలు కుప్పలుగా చనిపోయాయి. మిగిలిన బూడిద కూడా తొలి వానకు కిందికి ఇంకుతుంది.

మన పటాన్‌చెరు సంగతీ చూడండి. అక్కడ చెడింది మంట వల్ల కాదు, పరిశ్రమల వ్యర్థ జలాల వల్ల. నక్కవాగు పక్కన పొలాలు, బావులు పాడయ్యాయి. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు చివరికి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి, 2017లో గానీ తీర్పు రాలేదు. అన్నేళ్లు పోరాడాలంటే చేతిలో కాగితం ఉండాలి. ఆ కాగితమే నీటి పరీక్ష రిపోర్టు.

శాంపిల్ ఎలా తీయాలి?

1. ఇప్పుడే ఒక పరీక్ష చేయించి పెట్టుకోండి. మన దగ్గర కొన్ని ఊళ్లలో ఫ్లోరైడ్ సహజంగానే ఉంటుంది. పాత రిపోర్టు లేకపోతే ఏది ముందునుంచీ ఉందో, ఏది కొత్తగా వచ్చిందో చెప్పలేం.

2. ఒక్క బోరు చాలదు. మంట జరిగిన చోటికి ఎగువన ఒకటి, దిగువన రెండు మూడు తీయాలి. ఖమ్మం వైపు ఎక్కువగా గట్టి రాయి. నీళ్లు పగుళ్ల వెంట పోతాయి కాబట్టి పక్క బోరు బాగుండి దూరపు బోరు చెడొచ్చు.

3. మోటారు కనీసం పది నిమిషాలు నడిపాకే పట్టండి. పైపులో నిలవ నీళ్లు పనికిరావు.

4. సీసాలు ల్యాబ్ దగ్గరే తెచ్చుకోండి. లోహాలకు ఆసిడ్ వేసిన ప్లాస్టిక్ సీసా, నూనెలు, ద్రావకాలకు గాజు సీసా. ద్రావకాల సీసాలో గాలి బుడగ ఉండకూడదు. ఐస్ డబ్బాలో పెట్టి 24 గంటల్లోపు చేర్చండి.

5. తేదీ, టైము, సర్వే నంబరు, బోరు లోతు రాయండి. పంచాయతీ వాళ్ల ముందు తీసి, సంతకాలు పెట్టించండి.

ఏం పరీక్షించమనాలి?

ఊళ్లోని చిన్న కిట్ పీహెచ్, ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివి చూపిస్తుంది, విష లోహాల్ని పట్టదు. కాబట్టి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్, క్రోమియం, ఫినాల్స్ అడగండి. తాగే నీటికి బీఐఎస్ హద్దు లీటరుకు సీసం 0.01 మి.గ్రా., కాడ్మియం 0.003, పాదరసం 0.001. ఏం కాలిందో కాలుష్య నియంత్రణ మండలిని రాతపూర్వకంగా అడిగితే ల్యాబ్‌కు ఇంకా తేలిక.

ఒక్కసారితో ఆపొద్దు. తొలి వానల తర్వాత, మళ్లీ మూడు నెలలకు, ఆరు నెలలకు చేయించండి. విషం మెల్లగా నడుస్తుంది.

రిపోర్టు వచ్చేదాకా

ఆ నీళ్లు మనుషులూ, పశువులూ తాగొద్దు. కాచినా లోహాలు పోవు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి. "జీవామృతం పోస్తే అన్నీ విరిగిపోతాయి కదా" అని కొందరు అడుగుతారు. లేదండీ. సూక్ష్మజీవులు కొన్ని రసాయనాల్ని తింటాయి గానీ సీసాన్నీ, కాడ్మియాన్నీ మాయం చేయలేవు. ఆ నీళ్లతో జీవామృతం కలిపితే మన చేత్తో మనమే నేలకు విషం పోసినట్టు.

ఇవాళే మీ బోరు సీసా పట్టండి. ఖర్చు ఎక్కువనిపిస్తే నలుగురు రైతులు కలిసి చేయించండి.