మే 17న బల్ల వెనక నిలబడు

స్టావంగర్,
ఏప్రిల్ 24

చి.ల.సౌ. స్రవంతికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బాబు బడి నుంచి మే 17 పనుల జాబితా వచ్చిందనీ, మీ దంపతులిద్దరి పేర్లు కాఫీ, కేకుల బల్ల దగ్గర వేశారనీ రాశావు. నార్వే వాళ్ళ జాతీయ దినంలో మనకేం పని, పక్కన నిలబడి చూసి నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేస్తే సరిపోదా అని అడిగావు. సరిపోదమ్మా. ఎందుకో చెబుతాను.

నార్వే రాజ్యాంగం మీద 1814 మే 17న ఐడ్స్‌వోల్‌లో సంతకాలయ్యాయి. ఆ తర్వాత 1905 దాకా ఈ దేశం స్వీడన్ రాజు కింద ఉంది. అలాంటి రోజును వీళ్ళు ఫిరంగులకూ కవాతులకూ వదలకుండా పిల్లల చేతిలో పెట్టారు. జాతీయ గీతం రాసిన కవి బ్యోర్న్‌సన్ పూనికతో 1870లో ఓస్లోలో పిల్లల ఊరేగింపు మొదలైంది. అప్పుడు మగపిల్లలే నడిచేవారు. ఆడపిల్లలకు ఆ వరుసలో చోటు దొరికింది 1889లో. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడ తిష్ఠ వేసిన జర్మన్లు ఈ వేడుకను నిషేధించారు. అందుకే పాతతరం వాళ్ళకు ఆ రోజు చేతిలో పట్టుకునే చిన్న కాగితపు జెండాలంటే అంత ప్రాణం.

ఈ ఏడాది నువ్వే చూస్తావు. మీ ఓస్లోలో వందకు పైగా బడుల పిల్లలు బ్యాండు మేళాలతో కార్ల్ యోహాన్ వీధి వెంట రాజభవనం ముందుకు నడిచి వస్తారు. రాజకుటుంబం పై వసారాలో నిలబడి వాళ్ళకు చేతులూపుతూనే ఉంటుంది. ఒకప్పుడు సొంత ఆడపిల్లలకే చోటివ్వని ఆ వరుసలో ఇవాళ పాకిస్తాన్, సోమాలియా, వియత్నాం, పోలండ్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు నడుస్తున్నారు. ఈసారి మన బాబూ నడుస్తాడు. ఆ వరుస పెరుగుతూ వచ్చిందే గానీ ఎవరో గీసిపెట్టిన గీత కాదు.

అక్టోబరులో ఐక్యరాజ్య సమితి దినానికి నువ్వు పులిహోర చేసి పంపితే అందరూ మెచ్చుకున్నారని ఫోనులో సంబరపడ్డావు. మంచిదే. కానీ ఆ రోజు నువ్వు ఇండియా నుంచి వచ్చిన అతిథివి. మే 17న బల్ల వెనక నిలబడితే రెండో తరగతి పిల్లాడి అమ్మవి. చుట్టూ ఉన్న మిగతా అమ్మలూ నాన్నలూ కూడా అంతే. మన ఊళ్ళో శ్రీరామనవమికి కుర్చీలో కూర్చుని కల్యాణం చూసిన వాళ్ళకన్నా పానకం బిందెలు మోసిన వాళ్ళకే ఆ పందిరి ఎక్కువ సొంతం. ఇక్కడి బడి పండుగా అలాంటిదే.

ఈ మనుషులు ముక్తసరిగా ఉంటారని, ఎనిమిది నెలలైనా బడి గేటు దగ్గర తలూపడమే తప్ప మాట కలవలేదని బాధపడ్డావు. వాళ్ళకు ఊరికే మాట కలపడం అలవాటు లేదు. చేతిలో పని పెట్టు, మాట దానంతట అదే వస్తుంది. మా పెద్దాడు చిన్న తరగతిలో ఉన్నప్పుడు నన్ను సాసేజీల బల్ల దగ్గర వేశారు. నాకు అప్పటికి భాష అంతంత మాత్రమే. రొట్టెలు అయిపోయాయి, ఇంకో పెట్టె తెమ్మని చెప్పడానికి ఎంత భాష కావాలి? ఆ పూట నా పక్కన నిలబడి చిల్లర లెక్కపెట్టిన ఆవిడే, ఆ చలికాలంలో నేను జ్వరంతో మంచం పడితే, నా ఇద్దరు పిల్లల్నీ బడి నుంచి తెచ్చి అన్నం పెట్టింది. ఇప్పటికీ మా ఇళ్ళ మధ్య రాకపోకలున్నాయి.

జెండా పట్టుకు తిరిగితే పిల్లాడు మనవాడు కాకుండా పోతాడేమోనని మీ అత్తగారు దిగులు పడుతున్నారట. ఆవిడకు నా మాటగా చెప్పు: ఇంట్లో మాట్లాడకపోతే తెలుగు పోతుంది గానీ, బడి ఊరేగింపులో నడిస్తే పోదు. తెలుగు నిలబెట్టే బాధ్యత మీ ఇద్దరిది, బడిది కాదు. వాడి తరగతి పిల్లల్ని దీపావళికి ఇంటికి పిలవండి. వాళ్ళ పండుగకు చెయ్యి వేసిన ఇంటికి వాళ్ళు సంతోషంగా వస్తారు.

ఇక పనికొచ్చే మాటలు. నీ క్యారెట్ కేకే చెయ్యి. గుడ్డు, గింజలు, పాలు ఏవి వేశావో చీటీ రాసి పక్కన పెట్టు, ఎలర్జీలున్న పిల్లలుంటారు. ఆడవాళ్ళు చాలామంది తమ ప్రాంతపు దుస్తులు, వెండి నగలు వేసుకొస్తారు. నువ్వు నిక్షేపంగా పట్టుచీర కట్టుకో, పైన కోటు మరిచిపోకు, మే నెలలో కూడా చలి, వాన తప్పవు. మీ వంతు ఎన్ని గంటలకో ముందే కనుక్కోండి. బాబు నడిచే వేళకు మీలో ఒకరైనా దారిలో ఉండాలి. వాడి కళ్ళు మీకోసం వెతుకుతాయి. ఎదురైన వాళ్ళందరికీ "గ్రాటులేరర్ మె దాగెన్" అని శుభాకాంక్షలు చెప్పు. జాతీయ గీతం బాబు దగ్గరే నేర్చుకో, వాడు బడిలో ఇప్పటికే పాడుతుంటాడు.

ఒక్క పూటతో అన్నీ మారిపోవు. ఎక్కడి నుంచి వచ్చారని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. నార్వేజియన్ తరగతులు మానకూడదు, చీకటి ఉదయాలు మళ్ళీ వస్తాయి. అయినా ఊరు మనదని ఎవరో వచ్చి చెప్పాలని ఎదురుచూస్తే ఏళ్ళు గడిచిపోతాయి. పనిలో భాగం తీసుకున్న వాళ్ళకు ఆ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఈ రాత్రే ఆ జాబితాకు "వస్తాం" అని జవాబు పంపు. వచ్చే ఏడాది తరగతికి తల్లిదండ్రుల తరఫున ఎవరైనా కావాలంటే, ముందు నువ్వే చెయ్యెత్తు.

అల్లుడికి, బాబుకి ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ